నల్లని చతురస్రం వెనుక రంగుల పటాలు

సున్నం వేసిన గోడ తన పాత రాతలను ఎంతోకాలం దాచుకోలేదు. నాలుగు వానాకాలాలు గడిచేసరికి పై పూత పలుచబడి, ఎప్పుడో రాసిన అక్షరాలు మసకమసకగా బయటపడతాయి. సరిహద్దు గ్రామాల వారికి ఈ దృశ్యం కొత్తది కాదు. ఒక భాషలో రాసిన అంగడి పేరు మీద మరో భాషలో కొత్త పేరు రాయించినా, పొద్దు వాలి వెలుతురు ఏటవాలుగా పడే వేళ రెండు లిపులూ ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. గోడకున్న ఈ గుణమే చిత్రపటానికీ ఉంది. అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ, చూడగానే 'ఇందులో ఏముంది?' అనిపించే ఒక రష్యన్ చిత్రం.

దాని పేరు 'నల్లని చతురస్రం'. చిత్రకారుడు కజిమిర్ మలేవిచ్. 1879లో కీవ్‌లో ఒక పోలిష్ కుటుంబంలో జన్మించిన ఈయన, 1935లో లెనిన్‌గ్రాడ్‌లో కన్నుమూశారు. మనిషి, చెట్టు, ఇల్లు, కొండ వంటి కంటికి కనిపించే వస్తువులేవీ లేకుండా కేవలం రంగులతో, ఆకారాలతో నడిచే చిత్రకళను నైరూప్య కళ అంటారు. ఆ కళకు పునాది వేసినవారిలో మలేవిచ్ ఒకరు. 1915లో ఆయన వేసిన ఈ పటం పొడవు 79.5 సెంటీమీటర్లు, వెడల్పూ అంతే. తెల్లని అంచు నడుమ ఒక నల్లని చతురస్రం. అంతకుమించి మరేమీ లేదు. ప్రస్తుతం ఇది మాస్కోలోని ట్రెట్యకోవ్ గ్యాలరీలో ఉంది.

దేవుడి మూలలో నలుపు

1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్ నగరంలో '0.10' అనే పేరుతో ఒక చిత్రకళా ప్రదర్శన జరిగింది. అందులో మలేవిచ్ 39 చిత్రాలను ప్రదర్శనకు పెట్టారు. నల్లని చతురస్రాన్ని మాత్రం గోడ మీద మిగతా పటాల వరుసలో ఉంచక, రెండు గోడలు కలిసే మూలలో, పైకప్పుకు దగ్గరగా వేలాడదీశారు. రష్యన్ల ఇళ్ళలో ఆ మూలకు ఒక విశిష్ట స్థానం ఉంది. పవిత్ర మూర్తుల పటాలను అక్కడే నిలుపుతారు. మన ఇళ్ళలో దేవుడి గూడు ఎలాంటిదో, వారికి ఆ మూల అలాంటిది. అటువంటి చోట ఒక నల్లని చదరం కనిపించేసరికి ఎందరో ఆగ్రహించారు, ఎందరో నవ్వారు. తన కొత్త మార్గానికి మలేవిచ్ 'సుప్రీమటిజం' అని పేరు పెట్టుకున్నారు. వస్తువుల నుంచి విముక్తమైన శుద్ధ అనుభూతిదే పైచేయి అన్నది దాని సారాంశం.

అప్పటి నుంచి ఈ పటం మీద ఒకే విమర్శ వినిపిస్తూ వచ్చింది. 'ఇది ఎవరైనా వేయగలరు. బడిపిల్లవాడికి పలక, బొగ్గు ఇస్తే చాలు' అని. సోవియట్ ప్రభుత్వానికి కూడా నైరూప్య కళ రుచించలేదు. 1930లో మలేవిచ్‌ను నిర్బంధించి ప్రశ్నించారు. ఆయన మరణానంతరం ఈ పటం దశాబ్దాల పాటు ప్రజల కంటపడకుండా గిడ్డంగిలోనే ఉండిపోయింది. ఆ కాలంలో దాని ఉపరితలం మీద సన్నని పగుళ్ళు ఏర్పడి, వల వలె పరచుకున్నాయి. చివరకు విమర్శకులకు సమాధానం చెప్పినది ఆ పగుళ్ళే కావడం విశేషం.

నెర్రెలు ఎందుకు విచ్చాయి?

తైలవర్ణం నీటి రంగులా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. పైకి ఆరినట్టు కనిపించినా, లోపలి పొర పూర్తిగా గట్టిపడడానికి నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పడుతుంది. కింది పొర ఇంకా మెత్తగా ఉండగానే దానిపై మరో పొర పూస్తే, రెండూ వేర్వేరు వేగాలతో బిగుసుకుంటాయి. అప్పుడు పై పొర తట్టుకోలేక చీలుతుంది. వేసవిలో చెరువు ఎండినప్పుడు పైమట్టి నెర్రెలు విచ్చేది కూడా ఇటువంటి కారణం చేతనే. పైన ఎండిన పొర ముడుచుకుంటుంది, అడుగున ఉన్న తడిమట్టి ముడుచుకోదు.

నల్లని చతురస్రం మీది నెర్రెల్లో నలుపు కాని రంగులు తొంగిచూశాయి. నలుపు కింద తెల్లని గుడ్డ మాత్రమే ఉంటే ఆ రంగులు కనిపించవలసిన పనిలేదు. అంటే మలేవిచ్ ఖాళీ గుడ్డ మీద నలుపు పూయలేదు. అప్పటికే రంగులు నిండిన పటం మీద పూశారు.

గీకకుండా చూసే విద్య

కింద మరో చిత్రం ఉందని తెలిసినంత మాత్రాన పై పొరను గీకి చూడడం కుదరదు. అలా చేస్తే పైనున్న చిత్రం నశిస్తుంది. అందుచేత పటాన్ని ముట్టుకోకుండానే లోపలికి చూసే పద్ధతులను శాస్త్రజ్ఞులు రూపొందించారు. వాటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది ఎక్స్-కిరణాల ఛాయాచిత్రం. ఆసుపత్రిలో విరిగిన ఎముకను చూసే పద్ధతే ఇది. ఎముక కిరణాలను అడ్డుకున్నట్టే, సీసంతో చేసిన తెల్లరంగు, పాదరసం ఉన్న ఇంగిలీకపు ఎరుపు వంటి బరువైన రంగులు కిరణాలను అడ్డుకుంటాయి. ఆ రంగులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫిల్ము మీద తెల్లగా కనబడుతుంది. అయితే దీనికి ఒక పరిమితి ఉంది. పై పొర, కింది పొర, గుడ్డ, వెనుకనున్న చెక్క చట్రం అన్నీ ఒకే బొమ్మలో కలగలిసిపోతాయి. ఏ గీత ఏ పొరకు చెందినదో విడదీయడానికి అనుభవజ్ఞుల కన్ను అవసరం.

రెండవది పరారుణ కిరణాల పద్ధతి. ఈ కిరణాలు అనేక రంగుల గుండా దూసుకుపోతాయి కాని, బొగ్గుతో చేసిన నలుపు వాటిని మింగేస్తుంది. అందువల్ల రంగుల కింద చిత్రకారుడు బొగ్గుతో గీసుకున్న తొలి గీతలు ఇందులో స్పష్టంగా తెలుస్తాయి. పై పొరే నల్లనిదైతే మాత్రం పని కష్టమవుతుంది.

మూడవది ఎక్స్-కిరణ ప్రతిదీప్తి పద్ధతి. పటంలోని ఒక్కొక్క బిందువు మీద సన్నని కిరణపుంజాన్ని ప్రసరింపజేస్తే, అక్కడున్న మూలకాలు తమ తమ గుర్తులను వెలువరిస్తాయి. ఈ చోట పాదరసం, ఆ చోట సీసం అని పటమంతటికీ ఒక లెక్క తయారవుతుంది. 2008లో వాన్ గో వేసిన ఒక గడ్డిమైదానపు చిత్రాన్ని జర్మనీలోని హాంబర్గ్ పరిశోధనశాలలో ఈ విధంగానే పరీక్షించారు. పచ్చని గడ్డి కింద ఒక పల్లెపడుచు ముఖం బయటపడింది. ముఖంలోని ఎరుపును పాదరసం, లేత పసుపును ఆంటిమొనీ పట్టి ఇచ్చాయి. 17.5 సెంటీమీటర్ల చదరాన్ని పరిశీలించడానికి రెండు రోజులు పట్టింది. ఓపిక లేనివారికి ఈ విద్య అబ్బదు.

ఒకటి కాదు, రెండు

నల్లని చతురస్రం కింద ఏదో చిత్రం ఉందని ఎక్స్-కిరణాల ద్వారా గ్యాలరీ నిపుణులకు ముందే తెలుసు. పటానికి నూరేళ్ళు నిండిన సందర్భంలో మళ్ళీ సూక్ష్మదర్శిని సాయంతో, నూతన సాధనాలతో పరిశోధించి, 2015 నవంబరులో వారు ఒక ప్రకటన చేశారు. కింద ఉన్నది ఒక చిత్రం కాదు, రెండు.

అన్నింటికంటే అడుగున ఉన్నది క్యూబిజం, ఫ్యూచరిజం రెండూ కలిసిన ధోరణిలో వేసిన కూర్పు. వస్తువులను ముక్కలుగా విడగొట్టి, కోణాలుగా, చలనంగా చూపే ధోరణి అది. మలేవిచ్ 1915కు ముందు ఆ మార్గంలోనే పనిచేశారు. దానిపై ఉన్న రెండవ చిత్రం సుప్రీమటిజానికి తొలిమెట్టు వంటి రంగుల కూర్పు. నెర్రెల్లో కంటికి కనిపించే రంగులు ఈ రెండవ చిత్రానివే. వాటిపై మూడవదిగా నలుపు వచ్చింది.

ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటుంది. ఒకే గుడ్డ మీద ఒక కళాకారుని మూడు దశలు వరుసగా నిలిచాయి. మొదట వస్తువు ముక్కలైంది, ఆ తరువాత ముక్కలు ఆకారాలయ్యాయి, చివరకు ఆకారాలన్నీ ఒకే నలుపులో లీనమయ్యాయి. ఈ చిత్రభావం తనకు 1913లోనే, ఒక నాటకానికి రంగాలంకరణ చేస్తున్నప్పుడు కలిగిందని మలేవిచ్ చెప్పుకునేవారు. భావం ఎప్పుడు కలిగినా, పటం మాత్రం ఒక్క ఊపులో పుట్టినది కాదని ఈ పొరలు చెబుతున్నాయి. బడిపిల్లవాడు పలక మీద నల్లని చదరం గీయగలడు. ఆ చదరం కింద రెండు చిత్రాలను వేసి, రెండింటినీ వదులుకోవడం మాత్రం వేరే సంగతి.

అక్షరాల మీద తగవు

ఆ పరిశోధనలోనే పటం తెల్లని అంచు మీద చేతిరాతతో ఉన్న కొన్ని అక్షరాలు కూడా బయటపడ్డాయి. చాలావరకు చెరిగిపోయిన ఆ రాతను నిపుణులు 'చీకటి గుహలో నల్లజాతివారి పోరు' అని చదివారు. 1897లో ఆల్ఫోన్స్ అల్లే అనే ఫ్రెంచి హాస్యరచయిత ఒక నల్లని దీర్ఘచతురస్రాన్ని అచ్చువేసి, దాదాపు ఇదే అర్థం వచ్చే పేరు పెట్టి పరిహాసమాడారు. ఈనాటి దృష్టితో చూస్తే అది జాతిని కించపరిచే హాస్యం. ఆ మాటలు మలేవిచ్ చేతితోనే రాసి ఉంటే, ఈ మహాచిత్రానికి ఆ పరిహాసం ఒక ప్రేరణ అనుకోవలసి వస్తుంది.

కాని ఈ విషయంలో పండితులకు ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ దస్తూరి మలేవిచ్‌ది కాదని, పటం గిట్టని మరెవరో వెక్కిరింపుగా గీసి ఉంటారని కొందరు వాదించారు. యంత్రం అక్షరాన్ని చూపగలదు కాని, రాసిన చేతిని చూపలేదు. దాగి ఉన్నదాన్ని కనిపెట్టడం ఒక పని, దాని అర్థం తేల్చడం మరొక పని. మొదటిది ముగిసినంత మాత్రాన రెండవది ముగిసినట్టు కాదు.

కింద ఉన్నవారికీ, పైన ఉన్నవారికీ

చిత్రకారులు పాత పటాలపై కొత్తవి వేయడానికి కారణాలు అనేకం. గుడ్డ కొనే స్తోమత లేక కొందరు, వేసినది నచ్చక కొందరు, ఆలోచన ముందుకు సాగినందువల్ల మరికొందరు ఆ పని చేశారు. పై రంగు పలుచబడి కింది గీత కనిపించడాన్ని ఇటాలియన్ భాషలో 'పెంటిమెంటో' అంటారు. పశ్చాత్తాపం అని దాని అర్థం. చిత్రకారుడు మనసు మార్చుకున్న చోటు అని భావం.

ఇంతకీ, కింది చిత్రాలను వెలికి తీసి వేరుగా చూపరాదా? నల్లని చతురస్రం విషయంలో ఆ ప్రశ్న తలెత్తదు. నలుపును తొలగిస్తే మలేవిచ్ నిర్ణయాన్నే తొలగించినట్టు. అందుకే ఆ రెండు చిత్రాలు నేటికీ నలుపు వెనుకనే ఉన్నాయి.

పై పొర ఒకరిది, కింది పొర మరొకరిది అయినప్పుడు ఇదే ప్రశ్న మరింత జటిలమవుతుంది. అందుకు దృష్టాంతం తమిళనాడులోని తంజావూరులో ఉంది. 1010లో రాజరాజ చోళుడు పూర్తిచేయించిన బృహదీశ్వరాలయంలో, గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవ గోడలపై నాయకరాజుల కాలపు చిత్రాలు ఉండేవి. ఆ నాయకరాజులు తెలుగువారు. 1931లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.కె. గోవిందస్వామి, ఆ పూత రాలిన చోట్ల కింద అంతకంటే పురాతనమైన చోళుల చిత్రాలు ఉన్నట్టు కనుగొన్నారు. పైది తెలుగు ప్రభువుల కాలపు కానుక, కిందిది వెయ్యేళ్ళనాటి తమిళ వైభవం. ఒకదాని కోసం మరొకదాన్ని బలిపెట్టడం ఎవరికి న్యాయం? భారత పురావస్తు శాఖ నిపుణులు తరువాతి కాలంలో నాయకుల చిత్రాల పొరను గోడ నుంచి జాగ్రత్తగా విడదీసి, ఫైబర్‌గ్లాస్ పలకలపై అమర్చి భద్రపరచారు. చోళుల చిత్రాలు గోడమీదనే వెలుగు చూశాయి. రెండూ దక్కాయి.

మాస్కోలో పై పొరను కదపకుండా లోపలికి చూశారు. తంజావూరులో పై పొరను కదిపినా పోగొట్టలేదు. దారులు వేరైనా నియమం ఒక్కటే. కింద ఉన్నదాన్ని చూడాలన్న ఆత్రుతలో పైన ఉన్నది నాశనం కారాదు. పైన ఉన్నది ఇష్టం కాబట్టి కింద ఉన్నది లేదనుకోనూరాదు.

ఈ నియమం గ్రామాలకూ వర్తిస్తుంది. పాత గుడిలోనో, చావడిలోనో సున్నపు పెచ్చు ఊడిన చోట రంగు కనిపిస్తే, గోకి చూడడం గాని, ఉత్సవం దగ్గరపడిందని వెంటనే మరో పూత వేయించడం గాని మంచిది కాదు. ఒక ఫోటో తీసి, జిల్లాలోని పురావస్తు అధికారులకో, సమీప మ్యూజియానికో తెలియజేస్తే చాలు. నూరేళ్ళు ఆగిన రంగు ఇంకొన్నాళ్ళు ఆగగలదు. గోకిన రంగు మాత్రం తిరిగి రాదు.