పాటల పెట్టె కొనబోతే...

"నాన్నా, నాకు ఫోన్ కావాలి."

మా అమ్మాయి పదో పుట్టినరోజు ఇంకా రెండు నెలలుందనగా, భోజనాల దగ్గర పడ్డ బాంబు ఇది. ఎందుకమ్మా అంటే "పాటలు వినడానికి" అంది. క్లాసులో అందరికీ ఉన్నాయట. (ఆ "అందరూ" అంటే ముగ్గురని తర్వాత తెలిసింది లెండి.)

మా ఆవిడ నా వైపు చూసింది. "మీరే ఏదో ఒకటి చెప్పండి" అని ఆ చూపుకి అర్థం. నేను గొంతు సవరించుకుని, "పాటలకి ఫోనెందుకమ్మా? మ్యూజిక్ ప్లేయర్ కొనిపెడతాను" అన్నాను.

"అంటే ఏంటి నాన్నా?"

అదండీ సంగతి! వాక్‌మన్ కోసం రెండేళ్లు ఎదురుచూసిన తరం నాది. మ్యూజిక్ ప్లేయర్ అంటే ఏమిటో చెప్పాల్సిన రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

షూ బాక్సులో ఏడు క్యాసెట్లు

సోనీ వాళ్లు మొదటి వాక్‌మన్‌ని 1979 జూలైలో జపాన్‌లో అమ్మకానికి పెట్టారు. అది విజయనగరంలో మా ఇంటికి చేరడానికి దాదాపు పదేళ్లు పట్టింది, అదీ కువైట్ నుంచి వచ్చిన మా బాబాయి సూట్‌కేసులో. వీధిలో పిల్లలంతా లైను కట్టి, చెవికి తలా రెండు నిమిషాలు పెట్టుకుని విన్నారు.

1999లో నేను డల్లాస్ వచ్చినప్పుడు ఆవకాయ, ప్రెషర్ కుక్కరుతో పాటు ఆ వాక్‌మన్ కూడా వచ్చింది. ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు గీకి, పిన్ నంబరు నొక్కాలి. బాగున్నావా అంటే బాగున్నాను అనే లోపే కార్డులో నిమిషాలు అయిపోయేవి. అందుకని మా అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. అరవై నిమిషాల క్యాసెట్టులో రెండు వైపులా తనే మాట్లాడి, ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేతికిచ్చి పంపేది. పక్కింటి వాళ్ల పెళ్లి, పెరట్లో మామిడి కాపు, అక్కకి వచ్చిన సంబంధం, అన్నీ అందులోనే. చివర్లో ఒక పేదరాశి పెద్దమ్మ కథ. "నీకు పిల్లలు పుడితే వినిపించరా" అనేది. పెళ్లే కాని నేను నవ్వుకునేవాణ్ణి.

అలాంటివి ఏడు వచ్చాయి. ఎన్ని ఇళ్లు మారినా క్లాజెట్ పై అరలో షూ బాక్సులో భద్రంగా ఉన్నాయి. 2019లో అమ్మ పోయింది. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్లు. నాయనమ్మ ముఖం ఫొటోల్లో తెలుసు కానీ, గొంతు గుర్తు లేదు.

కాబట్టి, నాకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఒకే దెబ్బకి రెండు పిట్టలు! పిల్లకి పాటలు, వాటితో పాటే నాయనమ్మ కథలు.

అసలు ఇంకా అమ్ముతున్నారా?

ఇది నన్ను అందరూ అడిగిన ప్రశ్న. అమ్ముతున్నారండీ. కాకపోతే మనకి తెలిసిన పేర్లు కొన్ని కనబడవు. ఆపిల్ మొదటి ఐపాడ్‌ని 2001 అక్టోబర్‌లో చూపించింది. 5 జీబీ, 399 డాలర్లు. నాకప్పుడు అది అందని ద్రాక్ష. ఐపాడ్ నానో, షఫుల్ 2017లో ఆపేశారు. మిగిలిన ఐపాడ్ టచ్‌ని కూడా 2022 మే నెలలో ఆపేశారు.

ఇప్పుడు దొరికేవాటిని స్థూలంగా మూడు రకాలనుకోవచ్చు. మొదటిది, చొక్కాకి తగిలించుకునే బుల్లి ప్లేయర్. 2007లో శాన్‌డిస్క్ తెచ్చిన సాన్సా క్లిప్ తరహా అన్నమాట. నాలుగైదు బటన్లు, చిన్న తెర, ఇంటర్నెట్ ఉండదు. నేను చూసినవి ముప్పై నుంచి అరవై డాలర్ల మధ్య ఉన్నాయి. రెండోది, ఫియో, హైబీ లాంటి కంపెనీల ప్లేయర్లు, సోనీ ఇప్పటికీ వాక్‌మన్ పేరుతో చేసేవి. ఇవి సంగీతం మీద పిచ్చి ఉన్నవాళ్లకి. వీటిలో ఖరీదైనవి వందల డాలర్లలో ఉంటాయి. కొన్నింటిలో ఆండ్రాయిడ్, వైఫై కూడా ఉంటాయి కనుక పిల్లలకి ఇస్తే ఫోన్ ఇచ్చినట్టే. మూడోది, సారెగమ వాళ్ల కారవాన్ లాంటిది. పాత పాటలు ముందే నింపి ఉంటాయి, తెలుగు పాటలతోనూ వచ్చింది. కళ్లు సరిగా కనబడని పెద్దవాళ్లకి అంతకంటే సులువైనది లేదు, కానీ పదేళ్ల పిల్లకి ఇస్తే "ఇది తాతగారి రేడియో" అంటుంది.

మాకు మొదటి రకమే సరైనదనిపించింది. స్కూలు బస్సులో, ఆస్టిన్ వెళ్లే మూడు గంటల కారు ప్రయాణంలో, పడుకునేముందు వినడానికి అది చాలు.

నేను చేసిన తప్పు

ఇక్కడే నా పొదుపు బుద్ధి నన్ను ముంచింది. ముప్పై డాలర్లకి 8 జీబీ ప్లేయర్ పక్కనే, పాతిక డాలర్లకి 128 జీబీ అంటూ ఎప్పుడూ పేరు వినని కంపెనీది కనిపించింది. పదహారు రెట్లు ఎక్కువ, అయిదు డాలర్లు తక్కువ! మా ఆవిడ "ఇంత చవగ్గా ఎలా ఇస్తారండీ?" అని అడిగింది. "నీకు తెలీదులే" అన్నాను. ఈ మాట అన్న ప్రతిసారీ నాకు నష్టమే జరిగింది, అయినా బుద్ధి రాలేదు.

ముందు మూడు వారాంతాలు కూర్చుని అమ్మ క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ప్లేయర్ రాగానే వాటిని దాంట్లో వేశాను. ల్యాప్‌టాప్‌లో చోటు లేదని కాపీ చేయకుండా కట్ చేసి పేస్ట్ చేశాను. పుట్టినరోజు బ్రహ్మాండంగా జరిగింది. రెండు వారాలు పిల్ల నాయనమ్మ కథలు వింటూ నిద్రపోయింది. తర్వాత నేను ఉత్సాహంగా ఇంకో నాలుగు వందల పాటలు నింపాను.

ఆ రాత్రి "నాన్నా, నాయనమ్మ రావట్లేదు" అంది.

ఫైళ్ల పేర్లు ఉన్నాయి, నొక్కితే మాత్రం చప్పుడు లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, కొన్ని నకిలీ ప్లేయర్లలో, కార్డుల్లో అసలు మెమరీ కొంచెమే ఉంటుంది. లోపలి చిప్ మాత్రం కంప్యూటర్‌కి 128 జీబీ అని అబద్ధం చెబుతుంది. అసలు చోటు నిండాక కొత్తవి పాతవాటి మీదే పడతాయి, లేదా గాల్లో కలిసిపోతాయి. నిండే వరకూ మనకి అనుమానమే రాదు. విండోస్‌కి హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌కి, లినక్స్‌కి ఎఫ్‌త్రీ అని ఉచిత ప్రోగ్రాములున్నాయి. మెమరీని ఆసాంతం నింపి, తిరిగి చదివి నిజం చెబుతాయి. కొన్న రోజే, ఏమీ వేయకముందే ఈ పరీక్ష చేయాలి.

సరే, క్యాసెట్లు ఉన్నాయి కదా అని మళ్లీ మొదలుపెట్టాను. ఆరు బాగానే వచ్చాయి. ఏడోది, రెండో వైపు, కథ మంచి పట్టులో ఉండగా నా పాత టేప్ రికార్డర్ టేపుని నమిలేసింది. క్యాసెట్ టేపు సెకనుకి దాదాపు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే నిమిషం మాటకి మూడు మీటర్ల టేపు. రోలర్‌కి చుట్టుకుని ముక్కలైనది సుమారు అంతే. మిగతాది ఒక మిత్రుడు సరైన స్ప్లైసింగ్ టేపుతో అతికిచ్చాడు. (మామూలు సెల్లోటేపు వాడకండి, దాని జిగురు కారి పక్క చుట్లకి అంటుకుంటుంది.) కానీ ఆ నిమిషం పోయింది. అది కథ ముగింపు.

రెండోసారి కొన్నప్పుడు చూసుకున్నవి

ఈసారి బుద్ధిగా కూర్చుని లెక్క వేశాను. మీకూ పనికొస్తుంది.

చోటు: ఎంపీ3 పాట 128 కేబీపీఎస్ నాణ్యతలో నిమిషానికి సుమారు 1 ఎంబీ. అయిదు నిమిషాల పాటకి 5 ఎంబీ. 8 జీబీలో పదిహేను వందల పాటల దాకా పడతాయి. 320 కేబీపీఎస్ అయితే పాటకి 12 ఎంబీ, ఆరు వందల పై చిలుకు పాటలు. పిల్లలకి ఇది చాలదూ? మాటలకి, కథలకి 64 కేబీపీఎస్ మోనో సరిపోతుంది. అరవై నిమిషాల క్యాసెట్టు మొత్తం 30 ఎంబీ లోపే.

మెమరీ కార్డు: కార్డు పెట్టుకునే వీలుంటే మంచిదే. కానీ ఎంత సైజు వరకు తీసుకుంటుందో చూడండి. 64 జీబీ, అంతకన్నా పెద్ద కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. కొన్ని చవక ప్లేయర్లు ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి.

పాటలు ఎక్కడివి: నెలనెలా చందా కట్టే యాప్‌లో "డౌన్‌లోడ్" చేసిన పాటలు ఆ యాప్‌లోనే మోగుతాయి, ప్లేయర్‌లోకి రావు. మీ దగ్గరున్న సీడీల నుంచి చేసుకున్నవి, డబ్బిచ్చి కొన్న ఎంపీ3లు వస్తాయి. ఐట్యూన్స్ స్టోర్ పాటలకి 2009లో తాళాలు తీసేశారు, కానీ అవి ఏఏసీ రకం. ప్లేయర్ దాన్ని చదువుతుందో లేదో పెట్టె మీద చూడండి.

తెలుగు అక్షరాలు: చాలామందికి తట్టనిది ఇదే. చవక ప్లేయర్లలో చాలావాటికి తెలుగు లిపి చూపించడం రాదు. పాట పేరుకి బదులు వరసగా డబ్బాలు కనిపిస్తాయి. అందుకని ఫైల్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి. ముందు 01, 02 అని అంకెలు వేయండి. ఉత్త 2 అని వేస్తే 10 దానికంటే ముందొచ్చి కూర్చుంటుంది. పాట పేరు, సినిమా పేరు ఫైల్ లోపలి ట్యాగ్‌లో కూడా రాసి ఉంటాయి, అవీ మార్చాలి. మా అమ్మాయి ఒక ఆదివారమంతా కూర్చుని వంద పాటల పేర్లు తనే టైపు చేసింది. ఆ పేరుకి అర్థమేంటి, ఈ పదానికి అర్థమేంటి అని అడిగిన ప్రశ్నలు లెక్కపెడితే, అది నాలుగు తెలుగు క్లాసులతో సమానం!

చెవులు: వైరు ఇయర్‌ఫోన్ల కోసం 3.5 ఎంఎం రంధ్రం ఉన్నది తీసుకోండి. బ్లూటూత్ వాడితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. శబ్దానికి పరిమితి పెట్టే సదుపాయం ఉంటే మరీ మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలకు మించకూడదు. పిల్లలకి అదే 40 గంటలు, కానీ 75 డెసిబెల్స్ దగ్గర. పిల్లలూ, అమ్మ పక్కనుంచి పిలిస్తే వినబడటం లేదంటే, సౌండ్ ఎక్కువైందని అర్థం. వినబడీ పలక్కపోతే అది వేరే జబ్బు, దానికి మందు అమ్మ దగ్గరే ఉంటుంది!

క్యాసెట్లు ఉన్నవాళ్లకి: టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కి ఒక కేబుల్, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము, ఇంతే. కొత్త ల్యాప్‌టాప్‌లలో లైన్-ఇన్ ఉండదు, చిన్న యూఎస్‌బీ అడాప్టర్ కొనుక్కోవాలి. అరవై నిమిషాల క్యాసెట్టుకి అరవై నిమిషాలూ పడుతుంది, అడ్డదారి లేదు. వదులైన టేపుని ముందు పెన్సిల్‌తో బిగించండి. (ఈ విద్య మా అమ్మాయికి చూపిస్తే మ్యాజిక్ అనుకుంది.) అన్నిటికంటే ముఖ్యం, కనీసం మూడు చోట్ల కాపీలు ఉంచండి. అందులో ఒకటి మీ ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా ఉండాలి. ప్లేయర్ వినడానికే, దాచుకోవడానికి కాదు.

ఆ కథ ఏమైంది?

చివరికి ముప్పై అయిదు డాలర్లకి, పేరున్న కంపెనీది, 8 జీబీ ప్లేయర్ కొన్నాం. పరీక్ష చేస్తే 8 జీబీ అంటే నిజంగానే దాదాపు అంతే. పాటలు వేశాం, అమ్మ క్యాసెట్లు వేశాం. మా అమ్మాయి ఏడోది విని నా దగ్గరికొచ్చింది.

"పేదరాశి పెద్దమ్మ తలుపు తీసింది. తర్వాత ఏమైంది నాన్నా?"

నాకు గుర్తు లేదండీ. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో! కథ సగంలోనే నిద్రపోయేవాణ్ణేమో.

విజయనగరంలో అక్కకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఏడు గంటలు. విషయం చెబితే ముందు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అమ్మ క్యాసెట్లు ఇంకా ఉన్నాయా నీ దగ్గర? నాకెప్పుడూ చెప్పలేదేంరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లకి పైగా నావే అనుకుని అలమారలో పెట్టుకున్నాను. అందులో సగం మాటలు అక్క గురించే.

ఆ సాయంత్రం అక్క తన ఫోన్‌లో కథ ముగింపు రికార్డు చేసి పంపింది. "ఇదిగో మేనకోడలా, మీ నాయనమ్మ చెప్పినంత బాగా నాకు రాదు" అంటూ మొదలుపెట్టి, మధ్యలో కుక్కర్ కూత, వీధిలో కూరలమ్మి అరుపుతో సహా. మేము ఏడు క్యాసెట్ల కాపీలూ అక్కకి పంపాము. ఇప్పుడు మా పిల్ల ప్లేయర్‌లో ఆ కథ నాయనమ్మ గొంతుతో మొదలై అత్త గొంతుతో ముగుస్తుంది. వారం వారం అత్త ఇంకో కథ పంపుతోంది. పిల్ల బదులుగా తన వచ్చీరాని తెలుగులో కబుర్లు రికార్డు చేసి పంపుతోంది.

ఈసారి ఇండియా వెళ్లినప్పుడు మీ అమ్మగారినో, తాతగారినో కూర్చోబెట్టి ఒక గంట మాట్లాడించండి. ఫోన్‌లో రికార్డు చేయడానికి పైసా ఖర్చు లేదు. వాళ్లు "ఏం చెప్పమంటావురా?" అని సిగ్గుపడితే, పెరట్లో చెట్టు గురించి అడగండి చాలు, అవే వస్తాయి.

ఇంతకీ మా అమ్మాయి మళ్లీ ఫోన్ అడిగిందా అంటారా? అడిగింది. అత్తకి కథలు పంపడానికట!