ఫ్రెంచి ‘ఆ’, ‘ద’లతో ఇంగ్లీషువాళ్ల చిక్కు

ఇంగ్లీషు వస్తే ఫ్రెంచి సగం వచ్చినట్టేనంటారు. మాటల విషయంలో ఇది కొంత నిజం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వేల ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో కలిశాయి. ప్రిపోజిషన్లు మాత్రం అలా కలవలేదు. ఇన్, ఆన్, ఎట్, టు, ఫర్ ఇంగ్లీషు సొంత సొత్తు. ఫ్రెంచివి లాటిన్ నుంచి వచ్చాయి. చిక్కంతా అక్కడే.

అపోహ: ‘ఆ’ అంటే టు, ‘ద’ అంటే ఆఫ్.

వాస్తవం: ఏది రావాలో చాలాచోట్ల తేల్చేది క్రియ. ఆధారపడటానికి ఇంగ్లీషులో ‘ఆన్’ వస్తే ఫ్రెంచిలో ‘ద’ వస్తుంది. ఆసక్తి చూపడానికి అక్కడ ‘ఇన్’, ఇక్కడ ‘ఆ’. ఎదురుచూడటం (అతాఁద్ర్), వెతకడం (షెర్షే), వినడం (ఎకూతే), చూడటం (రగార్దే) అనే క్రియలకు ఫ్రెంచిలో ఏ ప్రిపోజిషనూ అక్కర్లేదు. ఇంగ్లీషువాళ్లు అలవాటు కొద్దీ ఏదో ఒకటి తగిలిస్తారు. ఫోన్ చేయడం (తెలెఫొనే) దగ్గర ఇది తలకిందులు: ఇంగ్లీషులో ఏమీ ఉండదు, ఫ్రెంచిలో ఎవరికి అన్నచోట ‘ఆ’ తప్పదు. అందుకే క్రియను ఒక్కదాన్నే నేర్చుకోకూడదు. దాని ప్రిపోజిషన్‌తో కలిపే నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

అపోహ: చిన్న మాటలే కదా, తప్పినా అర్థమైపోతుంది.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. ‘దాఁ దోజూర్’ అంటే ఇప్పటి నుంచి రెండు గంటలయ్యాక. ‘ఆఁ దోజూర్’ అంటే రెండు గంటల వ్యవధిలో. ఇంగ్లీషులో రెండింటికీ ‘ఇన్ టూ అవర్స్’ చాలు. పని రెండు గంటల్లో ముగిస్తానని చెప్పబోయి ‘దాఁ’ అంటే, రెండు గంటలు గడిచాక చేస్తారని ఎదుటివారు అనుకుంటారు. ‘పాఁసే’ (ఆలోచించడం) తర్వాత ‘ఆ’ వస్తే తలచుకోవడం. ‘ద’ వస్తే అభిప్రాయం.

అపోహ: దేశాల పేర్లకు ఏది వస్తుందో బట్టీ పట్టాల్సిందే.

వాస్తవం: పద్ధతి ఉంది. ఊరికి ‘ఆ’: ఆ పారీ. స్త్రీలింగ దేశానికి ముక్కుతో పలికే ‘ఆఁ’: ఆఁ ఫ్రాఁస్. పుంలింగానికి ‘ఓ’: ఓ జపోఁ. ఇరాన్‌లా అచ్చుతో మొదలయ్యే దేశమైతే పుంలింగమైనా ‘ఆఁ’యే. మెక్సికో, కంబోడియా లాంటి కొన్ని తప్పిస్తే, ఫ్రెంచి రాతలో ‘e’ అక్షరంతో ముగిసే దేశాలు స్త్రీలింగమే.

అపోహ: తెలుగు పిల్లలకు ఇందులో ఇంగ్లీషే దిక్కు.

వాస్తవం: ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచి తీసుకునేవాళ్లు ఇంగ్లీషు ద్వారా చదవబట్టి ఈ పొరపాట్లు వాళ్లకూ అంటుకుంటాయి. నిజానికి చాలాచోట్ల తెలుగే దగ్గర. పాట వింటాం, టీవీ చూస్తాం. మధ్యలో ఏమీ రాదు, ఫ్రెంచిలాగే. ఇంగ్లీషువాళ్లు రైలు ‘ఆన్’ ఉంటే, మనమూ ఫ్రెంచివాళ్లూ రైల్లో ఉంటాం. ‘మూడేళ్లుగా పారిస్‌లో ఉంటున్నాను’ అన్నప్పుడు మన క్రియ వర్తమానంలోనే ఉంటుంది. ఫ్రెంచిలో ‘నుంచి’ అనే అర్థమిచ్చే ‘దెప్వీ’తోనూ అంతే. ఇంగ్లీషువాళ్లు ఇక్కడే కాలం మార్చేసి తప్పుతారు. ‘రెండు గంటల్లో’ దగ్గర మాత్రం తెలుగూ ఇంగ్లీషులాగే రెండర్థాలిస్తుంది. ‘దాఁ’యా, ‘ఆఁ’యా అన్నది ముందే తేల్చుకుని నోరు తెరవాలి.