పిడుగు ఇంటి మీద పడక్కర్లేదు

మైపాడులో మా పిన్ని వాళ్ళింటి వెనక ఎర్త్ గొయ్యి ఉంది. ఎండాకాలం ఇసుక ఎండితే అందులో రెండు బిందెల నీళ్ళు పోస్తుంది. ఓ అక్టోబరు రాత్రి ఎక్కడో సరుగుడు తోటలో పిడుగు పడింది. ఇంట్లో స్విచ్ ఆపేసిన టీవీ పోయింది. "ఈడ పడనే లేదు గదరా, ఇదెట్ట పోయింది?" అంది పిన్ని.

పిడుగూ ప్లాస్మానే, అంటే కరెంటు పారే వేడి వాయువే. గాంధీనగర్‌లో 1989లో మొదలైన ఆదిత్య టోకామాక్ లాంటి, ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రాల పక్కన కొలత పరికరాలను కాపాడుకునే వాళ్ళ చిక్కూ పిన్ని చిక్కే.

అపోహ: ప్లాస్మా వేడికి పరికరాలు కరిగిపోతాయి.
లక్షల డిగ్రీలు నిజమే. కానీ టోకామాక్‌లోని ప్లాస్మా మనం పీల్చే గాలికన్నా లక్షల రెట్లు పలచన. అది తగిలే చోట గ్రాఫైటో టంగ్‌స్టనో పెడతారు. గోడ బయటి పరికరాలకు గండం తీగల వెంట వస్తుంది.

తీగల చుట్టులోంచి అయస్కాంత క్షేత్రం మారుతూ పోతే వోల్టేజి పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిందే ఇది. ఒక చదరపు మీటరు చుట్టులో సెకనులో వెయ్యోవంతు కాలానికి 0.1 టెస్లా మార్పు వస్తే 100 వోల్టులు. కొలవాల్సిన సంకేతమేమో చాలాసార్లు మిల్లీవోల్టుల్లో ఉంటుంది! పిన్ని ఇంట్లో కరెంటు తీగ ఒకవైపు నుంచి, కేబుల్ మరోవైపు నుంచి వచ్చి టీవీ దగ్గర కలిశాయి. మధ్యలో పది చదరపు మీటర్ల జాగా అనుకోండి. వంద మీటర్ల అవతల 30,000 ఆంపియర్ల పిడుగు రెండు మైక్రోసెకన్లలో ఎగబాకితే ఆ చుట్టులో దాదాపు 300 వోల్టులు పుడతాయి.

అపోహ: స్విచ్ ఆపితే చాలు.
మామూలు స్విచ్ ఫేజు తీగనొక్కదాన్నే తెంచుతుంది. న్యూట్రలూ, ఎర్తూ, కేబులూ తగిలించే ఉంటాయి. మబ్బు పట్టగానే, ఉరుము వినపడక ముందే, ప్లగ్గూ కేబులూ రెండూ ఊడదీయాలి.

అపోహ: ఎర్త్‌లు ఎన్నుంటే అంత భద్రం.
రెండు గోతులు తవ్వి కలపకుండా వదిలేస్తే పిడుగు వేళ వాటి మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు. ఆ తేడా పరికరం గుండా సర్దుకుంటుంది. ప్రయోగశాలలో కొలత తీగల కవచాలను ఒకేచోట భూమికి కలపడం అందుకే.

అపోహ: రాగి రేకు చుడితే ఏదీ లోపలికి రాదు.
వేగంగా మారే క్షేత్రానికి రాగి అడ్డు. నెమ్మదిగా మారేదానికి పలచటి రాగి ఉన్నా లేనట్టే, ఇనుము కావాలి. పోయే తీగనూ వచ్చే తీగనూ జడలా పెనవేస్తే చుట్టే చిక్కిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చే ఉపాయం ఇంకోటుంది. సంకేతాన్ని వెలుగుగా మార్చి గాజు పోగులో పంపేస్తారు. గాజులో కరెంటు పారదు.

మైపాడు ఉన్న తీరంలోనే దక్షిణాన శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగ వేదిక చుట్టూ పిడుగు స్తంభాలుంటాయి. అవి పిడుగును ఆపేస్తాయనుకుంటారు. ఆపవు, తమ మీద వేసుకుని నేలకు దించుతాయి. పైకెగిరిన రాకెట్‌కు ఆ అండ ఉండదు. 1969 నవంబరు 14న అపోలో 12ను నిమిషం తిరక్కుండానే రెండుసార్లు పిడుగు తాకింది.

మొన్న వెళ్తే పిన్ని ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చింది. "గాజు తీగంట గదా, ఇంక బయం ల్యా" అంది. డబ్బా వెనక చూశాను. అడాప్టర్ ప్లగ్గులోనే ఉంది.