బిళ్ళగన్నేరు ఆకు – క్యాన్సరు మందు



"సిస్టరుగారూ, బిళ్ళగన్నేరు ఆకు నూరి తాగితే క్యాన్సరు తగ్గుతుందటండీ, నిజమేనా?" అని రోగుల బంధువులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. ఇందులో కొంత నిజం ఉంది, పెద్ద ప్రమాదం కూడా ఉంది.

కణాలు ఎందుకు చనిపోతాయి?

మన శరీరంలో పాతబడిన కణాలు తమంతట తామే చనిపోయి, కొత్తవి పుడుతుంటాయి. చావవలసిన కణం చావకుండా పెరుగుతూపోతే అది క్యాన్సరు. బ్రతకవలసిన మెదడు కణాలు ముందుగా చనిపోతే పార్కిన్సన్స్, ఆల్జీమర్స్ వంటి జబ్బులు వస్తాయి. ఒకచోట కణాన్ని చంపాలి, మరొకచోట కాపాడాలి. ఈ రెండింటికీ శాస్త్రజ్ఞులు మొక్కలలో మందులు వెదకుతున్నారు.

పెరటి మొక్క నుండి ఇంజక్షను

కెనడాకు చెందిన నోబుల్, బీర్ అనే శాస్త్రజ్ఞులు బిళ్ళగన్నేరు ఆకు షుగరు వ్యాధికి పనికివస్తుందేమోనని ఎలుకలపై పరీక్షించారు. షుగరు తగ్గలేదు గాని తెల్లరక్తకణాలు బాగా పడిపోయాయి. అలా 1958లో విన్‌బ్లాస్టిన్, ఆ తరువాత విన్‌క్రిస్టిన్ వెలుగులోకి వచ్చాయి. కణం రెండుగా చీలేటప్పుడు ఇవి దానిని మధ్యలోనే ఆపివేస్తాయి. ఆగిపోయిన కణం చనిపోతుంది. పిల్లల రక్త క్యాన్సరుకు విన్‌క్రిస్టిన్ నేటికీ ముఖ్యమైన మందు.

అయితే వందల కిలోల ఆకు నుండి వచ్చే మందు గ్రాములలోనే. దానిని రోగి శరీరాన్నిబట్టి లెక్కకట్టి నరంలోకి మాత్రమే ఎక్కిస్తారు. నరం బయటకు కారితే కండ దెబ్బతింటుంది. ఇంట్లో కాచిన కషాయంలో ఏది ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. అది విషమూ కావచ్చు.

మన గోదావరి బిడ్డ

1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఇది ఆకుకూరలలో ఉండే విటమిను. దానిని పోలి ఉండి, కణం పెరుగుదలను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా వారే అందించారు. 1947లో డాక్టర్ ఫార్బర్ దానిని రక్త క్యాన్సరు పిల్లలకు ఇవ్వగా, కొందరికి జబ్బు కొంతకాలం తగ్గింది. దానివంటిదే నేటి మెథోట్రెక్సేట్.

మెదడు జబ్బుల మాట

దూలగొండి గింజలలో లెవోడోపా ఉంది. పార్కిన్సన్స్ రోగుల బిగుతును, వణుకును అది తగ్గిస్తుంది గాని, కణాల చావును ఆపదు. పసుపులోని కర్కుమిన్ ప్రయోగశాలలో క్యాన్సరు కణాలను చంపినా, తిన్నప్పుడు రక్తంలోకి చేరేది బహు తక్కువ. కూరలో పసుపు వేసుకోండి, దానిని నమ్మి చికిత్స మానకండి.

మా మనవి

1. మానని పుండు, పెరిగే గడ్డ, అకారణ రక్తస్రావం ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి. ఆకు పసరుతో నెలలు గడపవద్దు.
2. ఏ పసరు, పొడి వాడుతున్నా దాచకుండా మాకు చెప్పండి, మేము కోప్పడము.
3. చికిత్సలో వేళ్ళు తిమ్మిరెక్కినా, మలబద్ధకమైనా, జ్వరం వచ్చినా అదేరోజు తెలియజేయండి.