ఫ్రిజ్ మీద రెండు క్యాలెండర్లు

న్యూజెర్సీలో ఎడిసన్, ఐజెలిన్, బ్రిడ్జ్‌వాటర్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లల్లో ఫ్రిజ్ మీద తరచుగా రెండు క్యాలెండర్లు కనిపిస్తాయి. ఒకటి స్కూల్ డిస్ట్రిక్టు పంపింది. రెండోది గుళ్లోనో ఇండియన్ గ్రోసరీ కొట్లోనో ఇచ్చింది. తిథి, నక్షత్రం, వర్జ్యం ఇక్కడి టైముకి లెక్కగట్టి వేసింది. ఒకదాని సంగతి ఇంకోదానికి పట్టదు. సెలవున్నప్పుడు పండుగ ఉండదు, పండుగనాడు మ్యాథ్ టెస్టు ఉంటుంది. దీపావళికి ఈ మధ్య కొన్ని డిస్ట్రిక్టులు బడి మూస్తున్నాయి, సంతోషమే. కానీ తెలుగు ఏడాదిలో ఆడపిల్లలవే అనదగ్గ పండుగలు వేరే ఉన్నాయి: బొడ్డెమ్మ, బతుకమ్మ, అట్లతద్ది, గొబ్బెమ్మలు, బొమ్మల కొలువు. వీటికి ఏ ప్రిన్సిపాలూ సెలవివ్వడు.

ఈ వ్యాసంలోని కుటుంబం ఆ చుట్టుపక్కలదే. అమ్మది కరీంనగర్, నాన్నది అమలాపురం. పెద్దమ్మాయి మూడో తరగతి, చిన్నది కిండర్‌గార్టెన్. అచ్చులో పేర్లు పడితే ఫోన్లు ఎత్తలేక చావాలని నాన్నగారు ముందే మొక్కారు కాబట్టి పేర్లు లేవు.

వాళ్లింట్లో ఏడాది జనవరిలో మొదలవదు, చైత్రంలోనూ మొదలవదు. లేబర్ డే మర్నాడు స్కూలు బస్సు వచ్చి ఆగినప్పుడు మొదలవుతుంది. అది దాటిన మూడు నాలుగు వారాలకు, ఒక్కో ఏడు ఇంకాస్త ఆలస్యంగా, భాద్రపద అమావాస్య వస్తుంది. ఆనాడు ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి తొమ్మిది రోజులు. 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాక అమెరికాలో హాళ్లు బుక్ చేసే జోరు పెరిగింది గానీ, అమ్మ లెక్కలో బతుకమ్మ అంటే హాలు కాదు, పూలు. మరి పూలెక్కడివి?

ఇక్కడే ఈ దేశం కాస్త కలిసొచ్చింది. గునుగు పువ్వుకి శాస్త్రం పెట్టిన పేరు సెలోషియా. సెప్టెంబరులో ఏ నర్సరీకి వెళ్లినా ఎరుపు, పసుపు, గులాబీ రంగుల్లో సెలోషియా కుండీలు వరసగా పెట్టి ఉంటాయి. బంతి ఉంది, చేమంతి ఉంది. గుమ్మడిపాదు పెరట్లోనే ఉంది. పసుపు గౌరమ్మను కూర్చోబెట్టడానికి పువ్వు దొరుకుతుంది. చిక్కల్లా తంగేడుతోనే. తంగేడు సెన్నా జాతి మొక్క. దాని అక్కచెల్లెలు ఒకటి, వైల్డ్ సెన్నా, న్యూజెర్సీ నేలలో పుట్టి పెరిగిందే. అచ్చం అలాంటి పసుపు పూలే పూస్తుంది, కానీ జులై, ఆగస్టు నెలల్లో. బతుకమ్మ నాటికి కాయలు పట్టేసి ఉంటుంది. అందుకని అమ్మ ఆ చోట గోల్డెన్‌రాడ్ పేరుస్తుంది. రోడ్ల పక్కన, పొలం గట్ల మీద అక్టోబరు దాకా పసుపురంగు కుచ్చులతో ఊగే మొక్క. పక్కింటావిడ అది చూసి తుమ్ములొస్తాయని దూరం జరిగింది. నిజానికి ఆ పాపం గోల్డెన్‌రాడ్‌ది కాదు. అదే రోజుల్లో పూసే ర్యాగ్‌వీడ్‌ది. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువైంది, గాలికి ఎగరదు, తేనెటీగలు మోసుకుపోవాల్సిందే. ఈ సంగతి పెద్దమ్మాయి స్కూల్లో సైన్సు టీచరుకి చెప్పి, టీచరు చేత పక్కింటావిడకి ఈమెయిల్ పెట్టించమని అడిగిందట.

పేర్చడం మాత్రం పిల్లలకు ఒక్క రోజులో రాలేదు. పళ్లెంలో ఆకు పరిచి, వరస మీద వరస గుండ్రంగా పెడుతూ, మధ్యలో ఆకుల తుంపులు కూరుతూ పైకి పోవాలి. చిన్నది పువ్వుల్ని రంగుల వారీగా విడదీసి కుప్పలు పెట్టింది గానీ పేర్చేసరికి ఒకవైపు ఒరిగిపోయింది. "గట్ల గాదు బిడ్డా, లోపల గట్టిగ నింపాలె" అని వీడియో కాల్లో కరీంనగర్ నుంచి అమ్మమ్మ. పొద్దున్నే లేచి ఆమె, రాత్రి పడుకోకుండా వీళ్లు. చివరి రోజు సద్దుల బతుకమ్మ ఏ వారం పడినా ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు శనివారానికి జరుపుతారు. నిమజ్జనానికి చెరువు దొరకని చోట్ల పిల్లలు ఎండాకాలంలో ఈదే, గాలి ఊదిన ట్యాంకునే నీళ్లతో నింపుతారు. దీన్ని వెక్కిరించేవాళ్లున్నారు. ఆ ట్యాంకు చుట్టూ పట్టులంగాలతో తిరిగే పిల్లల్ని ఒక్కసారి చూస్తే ఆ వెక్కిరింపు నిలవదు.

అక్టోబరు రెండో సగంలో మొదటి మంచు పడి తోట మాడిపోతుంది. చాలా ఏళ్లు ఈలోగానే దసరా అయిపోవడం ఈ ప్రాంతపు తెలుగువాళ్ల అదృష్టం. ఆశ్వయుజ బహుళ తదియ నాడు అట్లతద్ది. తెల్లవారకముందే లేచి, గోంగూర పచ్చడి, పెరుగుతో అన్నం తిని, ఉయ్యాలలూగాలి. కోనసీమలో దీనికోసం నాలుగింటికి లేవాలి. అక్టోబరులో న్యూజెర్సీ సూర్యుడు ఏడు దాటితే గానీ రాడు కాబట్టి ఆరింటికి లేచినా చీకటే. ఈ ఒక్క విషయంలో అమెరికా మేలని నాన్నగారి తీర్మానం. మైనస్ పార్టు ఏమిటంటే, పార్కు తెరిచేది సూర్యోదయానికి. అందుకని ఉయ్యాల పెరట్లోనే. జాకెట్లు వేసుకుని, పెరుగన్నం కడుపుతో, బస్సు వచ్చేదాకా ఊగడం. సాయంత్రం చంద్రుడు కనపడ్డాక అట్లు. గోరింటాకు మాత్రం కోన్ కాదు, ఆకే. ఆ చెట్టు చలికి బతకదు. కరివేపాకుతో పాటు కుండీలో ఉండి, చలికాలమంతా గరాజ్ కిటికీ దగ్గర కాపురం చేస్తుంది.

ఇదే నెలలో యాపిల్ తోటలు, హాలోవీన్. బతుకమ్మకి పువ్విచ్చిన గుమ్మడే మళ్లీ కాయై గుమ్మం ముందు పళ్లికిలిస్తుంది. అమ్మ ఓసారి ఆ చెక్కిన గుమ్మడితో దప్పళం పెట్టింది. నీళ్లు, పీచు తప్ప ఏమీ లేదు. అది కూరకు పెంచిన రకం కాదు మరి.

అక్టోబరులో ఇంకో ప్రయాణం వీళ్లు తప్పకుండా చేస్తారు, దక్షిణాన పైన్ బ్యారెన్స్ అనే ఇసుక అడవుల్లోకి. అక్కడ క్రాన్‌బెర్రీ మళ్లున్నాయి. కోతకు ముందు మడిని నీళ్లతో ముంచేస్తారు. పండు లోపల గాలి గదులుంటాయి కాబట్టి కాయలన్నీ తేలి, నీళ్లమీద ఎర్రటి చాప పరచుకుంటుంది. వరిమళ్లు చూస్తూ పెరిగిన నాన్నకి అది చూడముచ్చట. పిల్లలకి నచ్చింది మాత్రం అక్కడి వైట్స్‌బాగ్ అనే పాత ఊరు, ఆ ఊరి కథ. ఎలిజబెత్ వైట్ అని క్రాన్‌బెర్రీ రైతు కూతురు, నలుగురు ఆడపిల్లల్లో పెద్దది. అప్పటికి బ్లూబెర్రీ అడవి పండే. దాన్ని సాగు చేయడం కుదరదనుకునేవారు. ఫ్రెడరిక్ కోవిల్ అనే ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త రాసిన నివేదిక 1911లో ఆమె కంటపడింది. ఆయనకు ఉత్తరం రాసి, ప్రయోగాలకు తమ భూమి ఇస్తామంది. పెద్ద పండ్లు కాసే పొదలు చూపించినవాళ్లకి డబ్బిచ్చి, ఆ పొదలకు వాళ్ల పేర్లే పెట్టించింది. రూబ్ లీక్ అనే ఆయన చూపిన పొద ఇవాళ్టికీ రూబెల్ రకంగా సాగవుతోంది. 1916లో మొదటి పంట అమ్మకానికి వెళ్లింది. జూన్, జులైల్లో హామంటన్ తోటల్లో మన పిల్లలు పళ్లు నల్లబడేలా తినే బ్లూబెర్రీల వెనుక ఈ రైతుబిడ్డ ఉంది. ఇంటికొచ్చాక పెద్దమ్మాయి పెరట్లో మిరపమొక్కకి తన పేరు పెట్టుకుంది.

థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ లైట్లు అందరిళ్లలో లాగే గడుస్తాయి. అసలు కథ జనవరిది.

సంక్రాంతి 14న గానీ 15న గానీ. మార్టిన్ లూథర్ కింగ్ డే జనవరి మూడో సోమవారం, అంటే 15కీ 21కీ మధ్య. కాబట్టి పండుగ, మూడు రోజుల సెలవు చాలా ఏళ్లు పక్కపక్కనే వస్తాయి. 1986 నుంచి ఫెడరల్ ప్రభుత్వం పాటిస్తున్న ఈ సెలవు తెలుగు ఇళ్లలో కనుమ పాత్ర పోషిస్తోంది. వాకిట్లో ముగ్గు వేద్దామంటే మంచు. పార తీసుకుని ముందు డ్రైవ్‌వే శుభ్రం చేయాలి. అందుకని ముగ్గు బేస్‌మెంట్ నేల మీదకి దిగింది. గొబ్బెమ్మలకి ఆవుపేడ? కొట్లో పిడకలు దొరుకుతాయి, ప్యాకెట్ మీద తినేవి కావని హెచ్చరిక కూడా ఉంటుంది, కానీ పిడకతో గొబ్బెమ్మ చేయలేం. గోధుమరంగు ప్లే-డో ముద్దతో పని జరుగుతోంది. పైన గుమ్మడిపువ్వుకి బదులు కొట్టు చేమంతి. అమలాపురం నుంచి చూసిన నానమ్మ, "బానే ఉన్నాయే, వాసన ఒక్కటే తక్కువ" అంది.

భోగిపళ్లకి రేగుపళ్లు కావాలి. చైనా, కొరియా దుకాణాల్లో దొరికే ఎండు జుజుబీలు రేగు జాతివే, కాకపోతే ఖర్జూరమంత ఉంటాయి. చిన్నదాని తలమీద పోస్తే అది ఏడుపు లంకించుకుంటుంది. తాజా బ్లూబెర్రీలు పోస్తే పట్టుపరికిణీ గతి చెప్పక్కర్లేదు. చివరికి ఎండు క్రాన్‌బెర్రీలు కుదిరాయి. నానిన శనగలు, చిల్లరతో కలిపి పోస్తే దిష్టీ పోతుంది, దెబ్బా తగలదు.

బొమ్మల కొలువు అమ్మ వైపు ఆచారం కాదు, నాన్న వైపుది. ప్లాస్టిక్ పెట్టెల మీద తెల్ల దుప్పటి పరచి మెట్లు కట్టారు. పై మెట్టున కొండపల్లి దశావతారాలు. తెల్లపొణికి కర్రతో చేసినవి, సూట్‌కేసులో తువ్వాళ్లలో చుట్టుకుని వచ్చాయి. కింద ఏటికొప్పాక లక్కపిడతలు. అంకుడు కర్ర మీద లక్క రంగులు. వాటిని ఎత్తుకెళ్లి చిన్నది నిజంగానే వంట చేయబోతుంది. ఆ కింది మెట్టు పిల్లల ఇష్టం. లెగో అంబులెన్సు, ఎల్సా, స్కూల్లో చేసిన జార్జ్ వాషింగ్టన్. నానమ్మ దీనికి ఏమంటుందోనని భయపడ్డారు గానీ, ఆవిడ చిన్నప్పటి కొలువులో ప్లాస్టిక్ రైలింజను ఉండేదని తేలింది.

ఆ నెలంతా పిల్లల ప్రార్థన ఒక్కటే: స్నో డే రావాలి. పైజమాలు తిరగేసి వేసుకోవాలి, పడుకునే ముందు ఐసు ముక్కలు టాయిలెట్లో వేసి ఫ్లష్ చేయాలి. ఇది అమెరికా పిల్లల్లో తరాలుగా ఉన్న నమ్మకం. అమ్మమ్మకి వివరించి చెప్తే ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట ఆడినావిడ మరి. వానకు అట్ల, మంచుకు ఇట్ల, అంది.

మంచు మోజుకి వెల ఉంది. న్యూజెర్సీ బడులు ఏడాదికి 180 రోజులు నడవాలి. ముందే పక్కన పెట్టిన స్నో డేలు అయిపోతే ఆ తర్వాతివి వసంత సెలవుల్లోంచైనా పోతాయి, జూన్ చివరకైనా కలుస్తాయి. జూన్ చివరకు కలిస్తే ఇండియా టికెట్ జరుగుతుంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో హడావిడి గర్ల్ స్కౌట్ కుకీలు. 1912లో జార్జియాలోని సవానాలో జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ 18 మంది పిల్లలతో మొదలుపెట్టిన సంస్థ అది. కుకీల అమ్మకం 1917లో ఓక్లహోమా మస్కోగీలో మొదలైంది. అందులో వయసును బట్టి పెద్దమ్మాయి బ్రౌనీ, చిన్నది డైసీ. పిల్లలకు బేరం, లెక్క, నలుగురితో మాట నేర్పడం ఈ అమ్మకాల ఉద్దేశం. నేర్చుకుంటున్నది మాత్రం ఆర్డరు కాగితం పట్టుకుని ఆఫీసంతా తిరిగే నాన్నలేమోనని అనుమానం.

ఉగాది వేపపువ్వుకి కొట్లో ఎండు పొట్లమే గతి. ఆ లోటు తీర్చడానికేనేమో, కాస్త అటూ ఇటూగా అదే రోజుల్లో న్యూఆర్క్‌లో బ్రాంచ్ బ్రూక్ పార్కు విరబూస్తుంది. 1927లో కెరొలైన్ బాంబర్గర్ ఫుల్డ్ రెండు వేల పైచిలుకు చెర్రీ చెట్లు ఇచ్చింది. ఇప్పుడు ఐదు వేలు దాటాయి, వాషింగ్టన్ కంటే ఎక్కువ. ఏప్రిల్లో ఒక ఆదివారం పులిహోర డబ్బాతో అక్కడికి పోవడం ఈ ఇంటి కొత్త ఆనవాయితీ.

ఇక ఇండియా ప్రయాణం. న్యూజెర్సీలో బడి చాలాచోట్ల జూన్ మూడో వారం దాటాకే మూస్తారు. ఆంధ్రా, తెలంగాణల్లో జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. వీళ్లు దిగేసరికి పెదనాన్న పిల్లలు, అత్త పిల్లలు యూనిఫారాలు వేసుకుని వ్యాను ఎక్కుతుంటారు. మామిడి చివరికొచ్చి ఉంటుంది. రోజంతా తాతయ్య పక్కన టీవీ, సాయంత్రం ట్యూషను అయ్యాక గంటసేపు ఆ పిల్లలతో ఆట. మూడు వారాలకి ఇంత ఖర్చు పెట్టి పిల్లలు చూసింది ఫ్యాను కిందున్న తాతయ్యనేనని నాన్న బాధ. డిసెంబరులో పోదామంటే ఇక్కడి సెలవులు న్యూ ఇయర్‌తో సరి. అక్కడి సంక్రాంతి సెలవులు అప్పుడింకా మొదలవ్వవు.

ఈసారి నాన్న తెగించాడు. జనవరిలోనే వెళ్తున్నారు. పది శాతం రోజులు మానితే రాష్ట్రం లెక్కలో దీర్ఘకాల గైర్హాజరు కింద వస్తుంది, అంటే పద్దెనిమిది రోజులు. అంతవరకూ రాకుండా బేరీజు వేసుకున్నాడు. టీచర్లతో మాట్లాడి, పిల్లలు అక్కడి పండుగ మీద డైరీ రాసి తెచ్చేలా ఒప్పించాడు. నానమ్మ ఇప్పటికే ఆవున్న ఇల్లు మాట్లాడి పెట్టింది. చిన్నదానికి ఒకటే సందేహం, నిజం పేడ ముట్టుకున్నాక చేతులు ఎన్నిసార్లు కడుక్కోవాలని. పెద్దది మాత్రం వెళ్లడానికి ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది: తను లేని రోజుల్లో నాన్న ఆఫీసులో కుకీల ఆర్డర్లు ఇంకే పిల్ల నాన్నా పట్టుకుపోకుండా ముందే రాయించుకోవాలి.