చోటెరుగని అంకెలు

పాఠశాలలో రోమను అంకెల పాఠము ఒకటి రెండు దినములలో ముగిసిపోవును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఏడక్షరములు వ్రాయును. విద్యార్థులు వానిని వల్లె వేయుదురు. పరీక్షలో ఒక ప్రశ్న వచ్చును. ఒకటో రెండో మార్కులు లభించును. అంతటితో సరి. అయితే తరగతిలో చురుకైన విద్యార్థి యెవరైన నున్నచో, 99 అను సంఖ్యను 'ఐ-సి' అని వ్రాసి చూపుట కద్దు. నూరునకు ముందు ఒకటి ఉంచినచో తొంబదితొమ్మిది కావలెను గదా యని ఆ బిడ్డ వాదన. ఉపాధ్యాయుడు దానిని కొట్టివైచి 'ఎక్స్-సి-ఐ-ఎక్స్' అని దిద్దును. ఎందుకని అడిగినచో 'నియమము అట్లున్నది' అను సమాధానమే తరచుగా వినవచ్చును.

ఆ బిడ్డ అడిగినది చిన్న ప్రశ్న కాదు. దానికి బదులు చెప్పగల పాఠము రోమనుల లెక్కనే గాక, తాను ప్రతిదినము వ్రాయు 99 అను రెండంకెల వెనుకనున్న మహత్తును గూడ ఆ బిడ్డకు చూపగలదు. బదులు చెప్పలేని పాఠము మాత్రము, గణితమనగా పెద్దలు విధించిన ఆజ్ఞల పట్టికయే యను భావమును పసిమనస్సులో నాటును. పోవునది ఒక మార్కు కాదు, 'ఎందుకు' అని అడుగు ధైర్యము.

ఏడక్షరములు ఇవి: ఐ యనగా ఒకటి, వి యనగా ఐదు, ఎక్స్ అనగా పది, ఎల్ అనగా ఏబది, సి యనగా నూరు, డి యనగా ఐదువందలు, ఎమ్ అనగా వేయి. ఇచ్చట ఆ అక్షరముల పేర్లు తెలుగులో వ్రాయబడినవి. నేడు మనకు ఇవి అక్షరములుగా కనబడుచున్నను, పుట్టుకలో ఇవన్నియు అక్షరములు కావు. ఇండ్లలో పాల లెక్కకై గోడపై గీతలు గీయు అలవాటు మనకు తెలిసినదే. ఒకటికి ఒక నిలువుగీత. గీతలు ఎక్కువైనచో కన్ను తడబడును గనుక, నడుమ నడుమ ఒక గుర్తు. ఇటలీ దేశమున రోమనులకు ముందే ప్రబలియుండిన ఎట్రుస్కనులును ఇట్టి గుర్తులనే వాడిరి. పదికి రెండు గీతల కూడలి. ఐదునకు ఆ కూడలిలో సగము. ఎక్స్ అను గుర్తును అడ్డముగా కోసి పైసగమును చూచినచో 'వి' కనబడును. వేయికి మొదట నిలువుగీతతో గూడిన వలయము గుర్తుగా నుండెను. దానిలో సగమే 'డి', అనగా ఐదువందలు. లాటిను భాషలో నూరును 'కెంటుమ్' అనియు, వేయిని 'మిల్లె' అనియు అందురు గనుక, ఆ పలుకుల మొదటి అక్షరములైన సి, ఎమ్ అనునవి ఆ సంఖ్యలకు స్థిరపడినవి. ఈ కథ చెప్పినచో ఏడు గుర్తులను వల్లె వేయవలసిన శ్రమ సగము తగ్గును.

ఇక నియమము. పెద్ద గుర్తు తరువాత చిన్న గుర్తు వచ్చినచో కూడవలెను. పెద్దదానికి ముందు చిన్నది వచ్చినచో తీసివేయవలెను. 'వి-ఐ' ఆరు, 'ఐ-వి' నాలుగు. ఈ తీసివేత పద్ధతి మనకు క్రొత్త కాదు. సంస్కృతమున పందొమ్మిదిని 'ఏకోనవింశతి' అందురు, అనగా ఒకటి తక్కువ ఇరువది. లాటినులో అదే సంఖ్య 'ఊండెవీగింటి', అర్థమును అదియే. పదునెనిమిదిని వారు 'డుయోడెవీగింటి' అనిరి, అనగా ఇరువదికి రెండు తక్కువ. నోట పలికినట్లే చేత వ్రాసిన సందర్భములును కలవు. క్రీ.శ. 9వ సంవత్సరమున జర్మనీ అడవులలో వారుస్ అను సేనాని క్రింద మూడు రోమను సేనాదళములు సర్వనాశనమైనవి. ఆ యుద్ధమున మడిసిన మార్కస్ కేలియస్ అను దళాధికారికి అతని సోదరుడు నిలిపిన స్మారకశిల నేడు బాన్ నగరపు వస్తుప్రదర్శనశాలలో నున్నది. అతడు పదునెనిమిదవ దళమువాడు. ఆ సంఖ్య ఆ శిలపై నేటి బడిపుస్తకపు రీతిని 'ఎక్స్-వి-ఐ-ఐ-ఐ' అని కాక, 'ఎక్స్-ఐ-ఐ-ఎక్స్' అని చెక్కబడియున్నది. రెండు తక్కువ ఇరువది! నేటి పరీక్షలో ఒక విద్యార్థి అట్లు వ్రాసినచో సున్న పడును. నశించిన ఆ మూడు దళముల సంఖ్యలను రోమనులు మరల ఏ దళమునకును పెట్టలేదు.

రోము నగరమున కొలోసియము అను మహారంగస్థలము కలదు. ప్రేక్షకులు తమ ద్వారమును గుర్తించుటకై దాని తోరణములపై సంఖ్యలు చెక్కిరి. వానిలో 23 మొదలు 54 వరకు నేటికిని నిలిచియున్నవి. అందు నలుబదినాలుగవ ద్వారముపై నలుబదిని తీసివేత పద్ధతిలో 'ఎక్స్-ఎల్' అనియు, ఆ ప్రక్కనే నాలుగును కూడిక పద్ధతిలో నాలుగు నిలువుగీతలుగను చెక్కిరి. ఒకే తోరణముపై రెండు పద్ధతులు! గడియారముల ముఖములపై నాలుగుకు నాలుగు గీతలు కనబడుట కూడ ఈ పాత అలవాటే. లండనులోని వెస్ట్‌మినిస్టర్ మహాఘటీయంత్రముపై మాత్రము 'ఐ-వి' అనియే యున్నది. కావున బడిపుస్తకములోని కఠిననియమము రోమనులు శాసించినది కాదు. ఒక సంఖ్యకు ఒకే రూపముండవలెనను కోరికతో తరువాతివారు బిగించినది.

మరి 'ఐ-సి' ఏల కూడదు? సంస్కృతములో 'ఏకోనశతము' అనిన తొంబదితొమ్మిదియే గదా! ఆ బిడ్డ ఊహ అసంబద్ధము కాదని ముందుగా ఒప్పుకొనవలెను. పిదప నియమములోని పొందికను ఇట్లు చూపవచ్చును. సంఖ్యను వేలు, వందలు, పదులు, ఒకట్లు అని విడదీయవలెను. ఏ భాగమునకు ఆ భాగమును వేరుగా వ్రాయవలెను. పిదప వానిని వరుసగా చేర్చవలెను. తొంబదితొమ్మిదిలో పదులు తొమ్మిది: 'ఎక్స్-సి'. ఒకట్లు తొమ్మిది: 'ఐ-ఎక్స్'. అంతే. 1947 సంవత్సరమును వ్రాయవలెనన్నను ఇదే దారి: వేయి 'ఎమ్', తొమ్మిదివందలు 'సి-ఎమ్', నలుబది 'ఎక్స్-ఎల్', ఏడు 'వి-ఐ-ఐ'. ఒకట్ల వరుసలో ఐ, వి, ఎక్స్ అను మూడు గుర్తులు ఏ ఆట ఆడునో, పదుల వరుసలో ఎక్స్, ఎల్, సి అనునవి అదే ఆట ఆడును. వందల వరుసలో సి, డి, ఎమ్ అనునవియు అంతే. ఈ పోలికను కనిపెట్టిన విద్యార్థికి పట్టికతో పనిలేదు. 1956ను తానే వ్రాయగలడు.

ఇక్కడ ఒక విశేషము గమనింపదగినది. ఇట్లు విడదీయుటలో మనము తెలియకయే ఒకట్లు, పదులు, వందల స్థానములను వాడుకొంటిమి. రోమనులకును ఆ స్థానములు తెలియనివి కావు. వారు లెక్కలు కట్టినది కాగితముపై గాదు. గీతలు గీసిన పలకపై గులకరాళ్లను పేర్చి లెక్కించిరి. గాళ్లలో పూసలు జరుపు చిన్న కంచుపలకలును వారికి కలవు. గులకరాతికి లాటినులో 'కాల్కులస్' అని పేరు. లెక్కించుటను తెలుపు ఆంగ్లపదము దానినుండియే పుట్టినది. మన బడులలో చింతపిక్కలు చేసిన పనినే అక్కడ ఆ రాళ్లు చేసినవి. పలకపై పదుల వరుస వేరు, వందల వరుస వేరు. వరుసలో రాయి లేనిచో అది ఖాళీగా నుండును. కాని ఆ ఫలితమును శిలపైనో చర్మపత్రముపైనో వ్రాయునపుడు స్థానము మాయమై, గుర్తులు మాత్రమే మిగిలినవి. ఖాళీవరుసకు గుర్తు లేదు. ఉండవలసిన అవసరమును లేదు.

దీని ఫలితమేమి? 'ఎక్స్' ఎక్కడ నిలిచినను పదియే. ముందు నిలిచినచో తీసివేయబడును, వెనుక నిలిచినచో కూడబడును. అంతేగాని నూరు కాజాలదు, వేయి కాజాలదు. మన 9 అట్లు కాదు. 99లో రెండు తొమ్మిదులును రూపమున ఒక్కటియే. కాని ఎడమది కుడిదానికి పదిరెట్లు. విలువ రూపములో లేదు, నిలిచిన చోటులో నున్నది. ఇంకొక పరీక్ష: 888ని రోమను పద్ధతిలో వ్రాయుటకు పండ్రెండక్షరములు కావలెను, 1000కి ఒక్కటి చాలును. పొడవును చూచి ఏది పెద్దదో చెప్పుటకు వీలులేదు. కూడిక సులభమే: గుర్తులను ఒకచోట చేర్చి సర్దుకొనవచ్చును. గుణకారమునకు పూనుకొన్నప్పుడు గాని బాధ తెలియదు. ఇరువదిమూడును పండ్రెండుతో ఆ అక్షరములలోనే గుణింపుడని తరగతిలో ఒక్కసారి చెప్పి చూడవలెను. పది నిమిషములలో విద్యార్థులు తమ అంకెలవైపు కృతజ్ఞతతో చూడగలరు.

ఆ చోటునకు ప్రాణము పోసినది సున్న. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున సున్నతో కూడికకు, తీసివేతకు, గుణకారమునకు సూత్రములు చెప్పెను. గ్వాలియరు కోటలోని చతుర్భుజాలయమున 876 నాటి శాసనమొకటి కలదు. దేవునికి ఇచ్చిన పూదోట కొలతలు 270 హస్తములు, 187 హస్తములు. ప్రతిదినము సమర్పింపవలసిన దండలు 50. ఆ 270లోను, ఆ 50లోను చిన్న వలయము సున్నగా చెక్కబడియున్నది. రైను నది తీరమునకు చెందిన ఆ సైనికుని శిలను, ఈ పూదోట శిలను ప్రక్కప్రక్కన ఊహించుకొన్నచో రెండు పద్ధతుల భేదము కన్నులకు కట్టును. ఒకటి ఉన్నదానిని గుర్తించినది. రెండవది లేనిదానికి గూడ చోటు చూపినది.

తెలుగు చదువు విద్యార్థులకు ఈ భేదమును తమ సాహిత్యమునుండియే చూపవచ్చును. మన శాసనకవులు శకసంవత్సరమును మాటలలో చెప్పుట పరిపాటి. ఇందువనగా ఒకటి, నేత్రములనగా రెండు, వేదములనగా నాలుగు, గగనమనగా సున్న. 'గగన నేత్ర వేద ఇందు' అని వరుసగా పేర్కొన్నచో, మొదటి మాటను ఒకట్ల స్థానమున నుంచి ఎడమవైపునకు నడువవలెను; శకము 1420 వచ్చును. ఐరోపాలో పండితులు శిలావాక్యములలో రోమను సంఖ్యాక్షరములను పెద్దవిగా చెక్కి, వాని విలువలను కూడినచో సంవత్సరము వచ్చునట్లు కూర్చిరి. రెండును చమత్కారములే. కాని అక్కడ అక్షరములను తారుమారు చేసినను మొత్తము మారదు. ఇక్కడ ఒక్క మాట చోటు తప్పినచో శతాబ్దములు తప్పిపోవును.

ఈ తొమ్మిది అంకెల కీర్తి తొందరగనే పడమటికి ప్రాకినది. 662లో సిరియా దేశపు క్రైస్తవాచార్యుడు సెవెరస్ సెబోఖ్త్ భారతీయుల తొమ్మిది గుర్తుల గణనను మెచ్చుకొనెను. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదునందు అల్ ఖ్వారిజ్మీ దానిపై గ్రంథము వ్రాసెను. పీసా నగరవాసి లియొనార్డో, అనగా ఫిబొనాచ్చి, ఉత్తరాఫ్రికాలో దానిని నేర్చి 1202లో 'లీబెర్ అబాకీ' యను గ్రంథమున లాటిను చదువరులకు అందించెను. మన 'శూన్యము' అరబ్బులకు 'సిఫ్ర్' అయి, అతని చేతిలో 'జెఫిరుమ్' అయి, తుదకు 'జీరో' అయినది. అయినను స్వాగతము సులభముగా దొరకలేదు. 1299లో ఫ్లోరెన్సు నగరమున నాణెములు మార్చు వర్తకుల శ్రేణి తమ ఖాతాపుస్తకములలో ఈ క్రొత్త అంకెలను నిషేధించెను. వానిని సులభముగా దిద్ది మోసము చేయవచ్చునను భయము ఒక కారణమని చరిత్రకారులు చెప్పుదురు. ఆ భయము పూర్తిగా పోలేదు. నేటికిని బ్యాంకు చెక్కుపై మొత్తమును అంకెలలోనే గాక అక్షరములలో గూడ వ్రాయుచున్నాము.

లెక్కల పని పోయినను రోమను అంకెలు పోలేదు. గడియారములపై, గ్రంథముల పీఠికాపుటలపై, రాజుల పేర్ల చివర, ఒలింపిక్ క్రీడల వరుసలో అవి గౌరవచిహ్నములుగా నిలిచినవి. 2025లో ఎన్నికైన పోపు లియో పదునాలుగవవాడని తెలుపునది కూడ అవియే. గణించుటకు గాక, క్రమమును గంభీరముగా చెప్పుటకు అవి నేడు పనికివచ్చుచున్నవి. కావున వానిని నేర్పవలసినదే.

నేర్పునపుడు మరియొక పని కూడ చేయవచ్చును. మన పాత తెలుగు పుస్తకములలో పుటసంఖ్యలు తెలుగు అంకెలలోనే యుండెను. గడియారముపై 'ఎక్స్-ఐ-ఐ'ని చదువగల విద్యార్థులలో ఎందరో తాతగారి భారతములోని ౯౯వ పుటను చదువజాలరు. దానికి క్రొత్త నియమమేదియు అక్కరలేదు. పది రూపములు తెలిసిన చాలును, ఒక సాయంకాలపు పని. ఏలయన ౯౯ అనినను, 99 అనినను చోటు చేయు పని ఒక్కటియే.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఆంగ్లప్రతిని విద్యార్థుల ముందుంచుడు. దానిలోని భాగములకు రోమను సంఖ్యలే కలవు. 'ఎక్స్-వి-ఐ-ఐ' అను గుర్తుగల పదునేడవ భాగమున 343వ అధికరణము, కేంద్రప్రభుత్వ వ్యవహారములకు భారతీయ అంకెల అంతర్జాతీయ రూపమును వాడవలెనని చెప్పుచున్నది. 'అంతర్జాతీయము' అనియు, 'భారతీయము' అనియు ఒకే వాక్యమున ఏల యున్నవో, ఆ భాగపు సంఖ్య మాత్రము రోమనులది ఏల అయినదో విద్యార్థులనే అడుగవలెను. 'ఐ-సి' వ్రాసిన ఆ బిడ్డయే మొదట చేయెత్తినచో ఆశ్చర్యము లేదు.