బంగారు కనుబొమల పిట్ట: అపోహలు – వాస్తవాలు

మధ్య అమెరికాలోని కోస్టారికా, పశ్చిమ పనామా కొండల్లో తప్ప ఇంకెక్కడా కనిపించని పిట్ట ఇది. పక్షి శాస్త్రంలో గోల్డెన్-బ్రౌడ్ క్లోరోఫోనియా, కోస్టారికా జనానికి రువాల్డో. పొడవు 13 సెంటీమీటర్లు, బరువు 25 గ్రాములు. మగపిట్టకు మెరిసే ఆకుపచ్చ వీపు, నెత్తిన నీలం, కంటిమీద బంగారు పట్టీ, పసుపు పొట్ట. ఆడపిట్టకు ఆ బంగారు పట్టీ ఉండదు.

అపోహ: ఫించ్ కదా, నాలుగు గింజలు వేస్తే పంజరంలోనూ బతుకుతుంది.
వాస్తవం: మన పక్షుల అంగళ్లలో గింజలు తింటూ బతికే జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియా గడ్డి నేలలది, అసలైన ఫించ్‌ల కుటుంబానికి చెందదు. రువాల్డోది ఆ కుటుంబమే. దాన్ని చాలాకాలం టానేజర్లనే వేరే కుటుంబపు పిట్టల జాబితాలో ఉంచారు, డిఎన్‌ఏ పరీక్షలే దాని అసలు చుట్టాలెవరో తేల్చాయి. కానీ దాని తిండి పండ్లు, ముఖ్యంగా బదనిక పండ్లు. అప్పుడప్పుడు పురుగులు, సాలీళ్లు. గింజలు నలిపే కండగల సంచి దీని జాతిలో బాగా క్షీణించిపోయింది. గింజలతో దీన్ని సాకలేం.

అపోహ: బదనిక చెట్టుకు పట్టిన పీడ, కనబడితే కొట్టేయాలి.
వాస్తవం: మామిడి రైతుకు అది పీడే. రువాల్డో ఉండే అడవిలో మాత్రం అదే పక్షుల అన్నం. మెత్తని గుజ్జు చకచకా అరిగి, జిగట విత్తనం చెక్కుచెదరకుండా బయటపడి ఏదో కొమ్మకు అంటుకుంటుంది. అక్కడే మొలుస్తుంది. మన తోటల్లో ఫ్లవర్‌పెకర్ పిట్టలు చేసే పనే ఇది.

అపోహ: ఉష్ణమండల అడవి అంటే ఉక్కపోత.
వాస్తవం: కోస్టారికా భూమధ్యరేఖకు దగ్గరే. అయినా అక్కడి తలమాంకా కొండల్లో 3,000 మీటర్లు దాటాక రాత్రిళ్లు మంచు పేరుకోవడమూ ఉంది. రువాల్డో గూడు కట్టేది సుమారు 900 మీటర్ల నుంచి, చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తుదాకా. ఎక్కువగా పొగమంచు కమ్మిన ఓక్ అడవుల్లో.

అపోహ: ఇన్ని రంగులున్న పిట్ట ఇట్టే కంటపడుతుంది.
వాస్తవం: ఆకుల మధ్య ఆకుపచ్చ పిట్ట కదిలితేగాని తెలియదు. డజను దాకా గుంపుగా తిరిగినా, చిటారు కొమ్మల్లోనే ఉంటుంది. నాచు, వేర్లు, సాలెగూళ్లతో పైకప్పున్న గూడు కట్టి, పక్కన గుమ్మం పెడుతుంది. అదీ 20 నుంచి 30 మీటర్ల ఎత్తున, కొమ్మల మీద పెరిగే మొక్కల గుబురులో. కొత్తగా నాటిన చెట్లకు ఆ గుబురు ఇంకా పట్టి ఉండదు కాబట్టి, ముదురు చెట్టుకు అవి బదులు కావు.

అపోహ: రువాల్డోకు గొంతు లేదు.
వాస్తవం: ఒక బాలికను పోవాస్ అగ్నిపర్వతానికి బలివ్వబోతుంటే, రువాల్డో తన పాటనే ఇచ్చేసి ఆమెను కాపాడిందనీ, పర్వతం కరిగి కార్చిన కన్నీరే అక్కడి సరస్సు అయిందనీ కోస్టారికాలో ఒక కథ ఉంది. కథ అందమైనదే. పిట్ట మాత్రం మూగది కాదు. మెత్తగా, దిగుస్థాయిలో ఈల వేస్తుంది. దాన్ని వెతికేవాళ్లకు చాలాసార్లు ఆ ఈలే ఆనవాలు.

అపోహ: శిఖరాల మీద అడవిని కాపాడితే చాలు.
వాస్తవం: వానాకాలం చివర్లో ఇవి 750 మీటర్ల దాకా దిగివస్తాయి. తలమాంకా శ్రేణిలోని లా అమిస్తాద్ అభయారణ్యం 1983లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. కానీ పైన రక్షణ ఎంతున్నా, కింది వాలులు కాఫీ తోటలకూ మేత బీళ్లకూ పోతే, దిగివచ్చే కాలంలో పిట్టకు తిండి దొరకదు. కాపాడాల్సింది శిఖరంతో పాటు వాలు మొత్తాన్ని.